బొమ్మ బాతులు పెడితే ఒక్కో రకం బాతు ఒక్కోలా ఎందుకు చేస్తోంది? (ఫొటోల కోసమే, వేట కాదు)

చెరువుకట్ట, తిరుపతి
మొదటే చెప్పేస్తున్నా, తుపాకీ లేదు, వల లేదు, కెమెరా ఒక్కటే. కాబట్టి ఎవరూ ఫారెస్టోళ్లకి ఫోన్ చేయకండి.

రాయలచెరువు దారిలోంచి కొంచెం లోపలికి పోతే ఒక చిన్న చెరువుంది. పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారం నాకు కూర్చోడానికి చోటుండదు. ఈసారి వానలకి అలుగు పారింది, నవంబరు చివర్నుంచి వలస బాతులు దిగుతున్నాయి. దూరం నుంచి తీస్తే అన్నీ మిరియం గింజలంత పడుతున్నాయని వాటిని దగ్గరికి రప్పించడానికి ఆన్‌లైన్‌లో 8 ప్లాస్టిక్ బొమ్మ బాతులు తెప్పించా. కట్ట వాలులో తుమ్మచెట్టు కింద పచ్చ గుడ్డ కట్టుకుని, ఒడ్డు నుంచి ఇరవై అడుగుల్లో వాటిని వదిలి, మూడు శనివారాలు తెల్లారకముందే పోయి కూర్చున్నా. ఏం జరిగిందంటే,

గరిటముక్కు బాతులు (షొవెలర్) మొదటి వారం 11 వచ్చాయి, ఒక్క చుట్టు కూడా తిరక్కుండా నేరుగా బొమ్మల పక్కన దిగాయి. నాకు చేతులు వణికి సగం ఫొటోలు పోయాయి. రెండో వారం అదే టైముకి వచ్చి, చెట్టంత ఎత్తులోకి దిగి, ఏదో కుట్టినట్టు ఎగిరి పోయాయి.

సూదితోకలు (పింటెయిల్) లెక్కపెట్టా, ఆరు చుట్లు తిరిగాయి. ప్రతి చుట్టుకీ కొంచెం కిందికి. ఆరో చుట్టులో కాళ్లు కూడా చాపాయి సామీ, చాపి మళ్లీ లేచిపోయాయి.

గార్గనీలు (చిన్న సైజు వలస బాతులు) మీ తల మీదినుంచి ఎవరో చాప దులిపినట్టు బర్ర్‌మని పోతాయి, బటన్ నొక్కేలోపు అవతలి ఒడ్డు.

ఈల బాతులు అసలు మన వైపే చూడవు. చుక్కమూతి బాతుల జంట మాత్రం దూరంగా దిగి, ఈదుకుంటూ పది అడుగుల దాకా వచ్చి, ఒక బొమ్మని తేరిపార చూసి, వెనక్కి తిరిగి పోయింది.

ఒకే చెరువు, ఒకే బొమ్మలు, ఒకే నేను. లెక్క ఎక్కడ తప్పుతోంది?

పాకాల జంక్షన్
బొమ్మల ఫొటో పెట్టన్నా ముందు.

చెరువుకట్ట, తిరుపతి
పెట్టా, చూడు. పచ్చ తల, మెడకి తెల్ల గీత, గోధుమరంగు రొమ్ము.

పాకాల జంక్షన్
అది మల్లార్డ్ మగదన్నా! మన వైపు కనపడేదే లేదు దాదాపు. తిరుపతి బస్టాండులో అందరూ గుండ్లతో కూర్చుని ఉంటే నీవి ఎనిమిదీ పచ్చ టోపీలు పెట్టుకుని దిగాయి. చుక్కమూతి బాతు తేరిపార చూసిందంటే చూడదా మరి.

టెక్సాస్ తిరుపతోడు
పాకాల తమ్ముడూ, నవ్వొచ్చింది గానీ పచ్చ తల అసలు సమస్య కాదనుకుంటా. నేను తొమ్మిదేళ్లుగా హ్యూస్టన్ పక్కన ఉన్నా, ఇక్కడ తీరం వైపు వరి పొలాలు మన నాయుడుపేట వైపు పొలాల్లానే ఉంటాయి, చలికాలంలో బాతులే బాతులు. ఇక్కడ లైసెన్సుతో వేట చట్టబద్ధం. 1934 నుంచీ ఉన్న డక్ స్టాంప్ అని ఒకటి కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడతారు. రోజుకి ఆరు బాతులకి మించకూడదు, తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకూడదు. ఆఫీసులో ఒక పెద్దాయన తీసుకెళ్తే అలవాటైంది. తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి, ముందు విషయం చెప్పనీయండి.

మేం మల్లార్డ్ బొమ్మలే పెడతాం, వాటి మీదికి సూదితోకలొస్తాయి, గరిటముక్కులొస్తాయి, టీల్ అనే చిన్న బాతులూ వస్తాయి. రంగు చూసేది ఆఖర్న. పైనుంచి వచ్చే బాతు ముందు చూసేది నీళ్ల మీద నల్లటి ఆకారాలు, అవి ఎటు తిరిగి ఉన్నాయి, మధ్యలో దిగడానికి ఖాళీ ఉందా, ఒడ్డున ఏమైనా మెరుస్తోందా, కదులుతోందా.

నువ్వు చెప్పిన బాతుల్లో సూదితోక, గరిటముక్కు రెండూ ఇక్కడా అక్కడా ఒకటే జాతి. స్వభావం కూడా అదే. సూదితోకకి అనుమానం ఎక్కువ, పెళ్లిచూపులకి వచ్చిన మేనత్త లాగా ఇల్లంతా మూడుసార్లు చూసి, కాఫీ కూడా తాగి, ‘తర్వాత కబురు పెడతాం’ అని లేచిపోతుంది. నేను తొమ్మిది చుట్ల దాకా చూశా. గరిటముక్కు అంత ఆలోచించదు, ఇక్కడి వాళ్లు దాన్ని బుద్ధి తక్కువదని ఎగతాళి చేస్తారు, రుచి కూడా బాగోదంటారు. నీ గార్గనీకి ఇక్కడ అన్న లాంటిది నీలిరెక్కల టీల్. గుంపుగా వచ్చి బొమ్మల మీదినుంచి దూసుకుపోతాయి, పోయాయనుకుని నువ్వు ఫ్లాస్కు మూత తీస్తావు, అప్పుడే వెనక నుంచి తిరిగొచ్చి దిగుతాయి. కాబట్టి గార్గనీ పోగానే లేవొద్దు, రెండు నిమిషాలు బిగపట్టుకుని కూర్చో.

ఇంకా చెప్పాలంటే ఇక్కడ గాడ్వాల్ అని బూడిద రంగు బాతు ఉంది, బొమ్మల దాకా వచ్చి ఎప్పుడూ నలభై గజాలు అవతలే దిగుతుంది. వుడ్ డక్ అయితే బొమ్మల్ని లెక్కే చేయదు, నిన్న ఎక్కడ దిగిందో ఇవాళా అక్కడే. మునిగి తినే రకాలు, స్కాప్, రెడ్‌హెడ్ లాంటివి, నీళ్లకి ఆనుకుని సూటిగా వచ్చేస్తాయి, ఒకసారి పొరపాటు అని తెలిసినా మళ్లీ వస్తాయి. అందుకని ‘బాతు ఇలా చేస్తుంది’ అని ఒక మాట ఎవరైనా అంటే ఏ బాతు అని అడగాలి.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు. గాలి ఎటు నుంచి? కట్ట ఏ వైపు? బొమ్మల్ని ఎలా కట్టావు? మొదటి వారం మబ్బా ఎండా?

చెరువుకట్ట, తిరుపతి
అన్నా ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. కట్ట తూర్పున. సూర్యుడు వెనక ఉంటే ఫొటో బాగొస్తుందని అక్కడే కూర్చున్నా. గాలి డిసెంబర్లో మనకి తెలిసిందే, ఈశాన్యం నుంచి సన్నగా. బొమ్మలకి ముందొక దారం వెనకొక దారం వేసి, బోల్టు నట్లు కట్టి ముంచా, కదలకుండా. వరసగా ఎనిమిదీ. మొదటి వారం తుంపర, మబ్బు. రెండో వారం ఎండ చెళ్లున కొట్టింది.

టెక్సాస్ తిరుపతోడు
దొరికింది. సగం దొరికింది.

బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది, విమానం లాగే. గాలి నీ వెనక నుంచి వస్తోంది, అంటే దిగే ప్రతి బాతూ నీ మొహంలోకి చూస్తూ దిగుతుంది. ఫొటోకి అది అందమే, కానీ నువ్వు కన్ను కదిపినా దానికి తెలుస్తుంది. చెరువు దక్షిణం కొసకి జరుగు, గాలి పక్కనుంచి పోతుంది, బాతు చూపు నీ మీద ఉండదు. వెలుతురు పక్కనుంచి పడినా నష్టం లేదు. అవి చుట్లు తిరిగేటప్పుడు తలెత్తి చూడకు, పైనుంచి మనిషి మొహం పళ్లెంలా తెల్లగా కనపడుతుంది. నేను మొదటి రెండేళ్లు చెడగొట్టిందంతా ఇలా తలెత్తే.

రెండు దారాలు తీసెయ్. ఒక్కటే, ముక్కు వైపు కింద కట్టు. నీళ్ల మీద బాతులు గాలికి ఎదురుగా తిరుగుతుంటాయి, నీవి రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు ఉండిపోయాయి. ఐదు ఒకవైపు, మూడు ఒకవైపు పెట్టి మధ్యలో ఇరవై అడుగులు ఖాళీ వదులు.

ఎండ సంగతి. కొత్త ప్లాస్టిక్ తడిసి ఎండ పడితే స్టీలు గిన్నెలా మెరుస్తుంది. మబ్బు రోజు గరిటముక్కులు మోసపోయి ఎండ రోజు పోకపోవడానికి అది ఒక కారణం కావచ్చు. కావచ్చు అనే అంటున్నా, ఎందుకంటే ఇక్కడ తిరగబడి ఎండ రోజే మంచిదని వాదించేవాళ్లూ ఉన్నారు, ఎండలో బొమ్మలు దూరానికి కనపడతాయి, మనిషి నీడలో దాక్కుంటాడు అని.

బైనాక్యులర్, చిత్తూరు
చదువుతున్నా, ఆసక్తిగానే ఉంది, కానీ ఒకరు చెప్పక తప్పదు. సూదితోక ఆరు చుట్లు తిరిగి లేచిపోయిందంటే నీకు కథ, దానికి ఖర్చయిన ఒంట్లో కొవ్వు. అది మధ్య ఆసియా దాటి హిమాలయాల మీదుగా వచ్చింది. ఫిబ్రవరి, మార్చిలో తిరిగి పోవాలి. రోజూ ఇలా తిప్పితే బాగుండదు. వారానికి ఒకసారి, గంటన్నర, ఎనిమిదింటికల్లా బొమ్మలు తీసెయ్. దారం ముక్క ఒక్కటి కూడా నీళ్లలో వదలొద్దు, నైలాన్ దారం కాళ్లకి చుట్టుకుని చచ్చిన నీటికోడిని నేను చేతుల్తో విప్పాను.

ఇంకోటి, దీన్ని చూసి ఎవరైనా పులికాట్‌కో నేలపట్టుకో బొమ్మలు పట్టుకుపోతారేమో, అవి అభయారణ్యాలు, పర్మిషన్ లేకుండా అలాంటివేవీ కుదరవు. నేలపట్టులో గూడకొంగలు గూళ్లు కట్టే కాలం కూడా ఇదే. మన దేశంలో బాతుల్ని కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఇది కొత్తవాళ్ల కోసం రాస్తున్నా.

చెరువుకట్ట, తిరుపతి
ఒప్పుకుంటా అక్కా. ఎనిమిదికి తీసేస్తా.

కౌజుపిట్ట
నాయనా, మీరంతా బొమ్మలు బొమ్మలు అంటున్నారు, ఇలా అడివి పిట్టల్ని దగ్గరికి రప్పించే ఎరకి మనకి సొంత మాట ఉంది, దీమం. మా తాతకి దీమం కౌజు ఉండేది. పంజరంలో పెట్టి తెల్లారుజామున చేని గట్టు మీద పెడితే అది కూస్తుంది, అడివి కౌజు పందానికి వచ్చి ఉచ్చులో పడుతుంది. ఆ దీమం పిట్టకి ఇంట్లో పిల్లల కంటే ముందు గింజలు పెట్టేవాళ్లు. ఇప్పుడది నేరం, మంచిదే, మా పొలంలో కౌజు కూత విని ఎన్నేళ్లయిందో.

ఎందుకు చెప్తున్నానంటే మా తాత దీమం పెట్టినా రోజూ పడేవి కావు. ‘ఇవాళ దానికి మనసు లేదురా’ అని పంజరం మీద గుడ్డ కప్పుకుని వచ్చేసేవాడు. మీరు గాలి, ఎండ, దారం అన్నీ సరిచేసినా ఆ మనసు లేని రోజు ఒకటి ఉంటుంది.

టెక్సాస్ తిరుపతోడు
మామా, దీమం మాట భలే గుర్తుచేశారు, మా నాయనమ్మ నోట విన్నా. ఇక్కడ కూడా ఒకప్పుడు బతికున్న బాతుల్నే దీమంగా కట్టేసి అడివి బాతుల్ని పిలిచేవాళ్లు. మరీ ఎక్కువ చంపేస్తున్నారని 1935లో దాన్ని ఆపేశారు, గింజలు చల్లి వేటాడటం కూడా అప్పుడే ఆగింది. అప్పట్నుంచీ బొమ్మలే.

పాకాల జంక్షన్
అన్నా, యూట్యూబ్‌లో రెక్కలు గిరగిరా తిరిగే బ్యాటరీ బాతు చూశా. అది కొంటే పనైపోదా?

టెక్సాస్ తిరుపతోడు
అది వచ్చిన కొత్తలో మాయాజాలం అనేవాళ్లు. రెక్క తిరిగినప్పుడు తెలుపు నలుపు తళుక్కుమని దిగుతున్న బాతులా కనపడుతుంది. చిన్న టీల్ బాతులు ఇప్పటికీ దానికి పడతాయి. కానీ గాడ్వాల్ దాన్ని చూసి దూరం జరుగుతుంది, మల్లార్డ్‌లు జనవరికల్లా దాని సంగతి తెలుసుకుంటాయి, సీజనంతా ప్రతి గుంటలో అదే తిరుగుతుంటే ఏ బాతుకైనా తెలుస్తుంది కదా. కాలిఫోర్నియాలో నవంబరు 30 దాకా వాడనివ్వరు కూడా. మా పెద్దాయన దాన్ని కొనలేదు, నీళ్లలో ఒక బొమ్మకి తాడు కట్టి అప్పుడప్పుడు లాగుతాడు, అలలు లేస్తాయి, అంతే. గాలి లేని రోజు ఆ అలలకే సగం పని అవుతుంది.

ముసలి బాతు, పిల్ల బాతు తేడా కూడా చూడండి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మొదట్లో దేన్ని చూసినా దిగుతాయి. చెరువుకట్ట అన్న దగ్గర మొదటి వారం దిగిన 11లో పిల్లలే ఎక్కువేమో.

సూళ్లూరుపేట లోకల్
నేనొకటి చెప్తా, దీనికి గాలి లెక్కా లేదు దారం లెక్కా లేదు. మా వైపు కోతలయ్యాక బాతుల మందలు తోలుకొస్తారు తెలుసు కదా, ఒక్కో మందకి వందలు, కోసిన మడుల్లో రాలిన గింజలు, నత్తలు తినుకుంటూ పోతాయి. పొద్దు గూకే వేళ మా మడిలో మంద ఉంటే దాని అంచుకి గార్గనీలు వచ్చి దిగడం నేను రెండు మూడు సార్లు చూశా. ఆ కాపరి చేతిలో కర్ర ఉంది, నోట్లో బీడీ ఉంది, హే హే అని అరుస్తున్నాడు, అయినా దిగాయి. పచ్చగుడ్డ కట్టుకుని ఊపిరి బిగపట్టుకున్న మనిషిని చూసి పారిపోయే బాతు అరిచే మనిషి పక్కన ఎలా దిగింది?

బైనాక్యులర్, చిత్తూరు
దిగుతుంది, ఎందుకు దిగదు? వందల బాతులు నిమ్మళంగా తింటున్నాయి, ఆ గోలకి మించిన ధైర్యం ఏముంది. కాపరి దాక్కోవడం లేదు, రోజూ అదే పని చేస్తున్నాడు. దాక్కుని చూసేవాడే నక్క.

ఈల బాతుల సంగతి ఎవరూ చెప్పలేదు, అది మాత్రం తేలిక. అవి ఎక్కువగా రాత్రిళ్లు మడుల్లో తిని తెల్లారేసరికి నిద్రకి చెరువు చేరతాయి. నైట్ డ్యూటీ దిగి వస్తున్నవాడికి టిఫిన్ సెంటర్ బోర్డు చూపిస్తే ఆగుతాడా, పక్క ఎక్కడ అని చూస్తాడు.

అన్నట్టు మందలు తిరిగే చోట నుంచి మీ చెరువుకి పోయేటప్పుడు చెప్పులు, బొమ్మలు కడిగి ఆరబెట్టుకోండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరిచిపోకూడదు.

మదనపల్లె టమాటా
ఇంత కష్టం ఎందుకు, 600 ఎంఎం లెన్సు కొంటే పోలా

చెరువుకట్ట, తిరుపతి
నువ్వు కొనిపెట్టు తమ్ముడూ, బాతులతోపాటు నీ ఫొటో కూడా తీస్తా.

టెక్సాస్ తిరుపతోడు
చెరువుకట్ట అన్నా, మెరుపు సమస్యకి ఒక మాట. నెవాడాలో లవ్‌లాక్ గుహ అని ఉంది, అక్కడ 1924లో 11 బొమ్మ బాతులు దొరికాయి, దాదాపు రెండు వేల ఏళ్లనాటివి. తుంగ లాంటి గడ్డి మెలిపెట్టి, వంచి, కట్టి చేశారు, కొన్నింటికి రంగు పూసి ఈకలు కూడా గుచ్చారు. చూస్తే ఇవాళ నీళ్లలో వదిలినా తేలేలా ఉంటాయి. మీ చెరువులో జమ్ము ఉంటుంది కదా?

చెరువుకట్ట, తిరుపతి
జమ్మా, కావలసినంత. చెరువులో మూడో వంతు అదే.

(పది రోజుల తర్వాత)

చెరువుకట్ట, తిరుపతి
ఆలస్యానికి సారీ, ఆఫీసులో టెన్షన్లు. జరిగింది జరిగినట్టు రాస్తా.

ఎండిన జమ్ము కోసుకొచ్చి రాత్రంతా నానబెట్టా. నాకు మొదటి రెండూ చీపురు కట్టల్లా వచ్చాయి. మా అవ్వ చిన్నప్పుడు తుంగ చాపలు అల్లిన మనిషి, పక్కన కూర్చుని చూసి చూసి విసుగొచ్చి లాక్కుంది. గుప్పెడు జమ్ము మధ్యకి మడిచి, మడత దగ్గర రొమ్ము, రెండు కొసలు కలిపి తోక, పైన ఇంకో నాలుగు ఆకులు మెలేసి మెడ. ముక్కు దగ్గర కొస వంచి పురికొసతో ముడేసింది. అరగంటకొకటి. నాలుగు చేసి, ‘దీంతో బాతులు మోసపోతాయా, పిల్లోళ్లు కూడా పోరు’ అంది.

శనివారం దక్షిణం కొసకి జరిగా. ఈ నాలుగు, ప్లాస్టిక్‌వి మూడే, వాటికి కూడా చెరువు బురద పూసి ఆరబెట్టా. ఒక్కొక్క దారం. మధ్యలో ఖాళీ. ఎండే ఉంది, మబ్బు లేదు.

6:20కి గరిటముక్కులు ఏడు, అరచుట్టు కొట్టి ఖాళీలో దిగాయి. దిగి గుండ్రంగా తిరుగుతూ ముక్కులు నీళ్లకి ఆనించి జల్లెడ పట్టడం మొదలెట్టాయి, ఇరవై నిమిషాలు. ఒకదాని ముక్కు అంచున పళ్లలా ఉండే సన్నటి గీతలు కూడా ఫొటోలో పడ్డాయి. గార్గనీలు బర్ర్‌మని పోయాయి. టెక్సాస్ అన్న చెప్పినట్టు కదలకుండా ఉన్నా. తిరిగొచ్చాయి అన్నా! మూడు దిగాయి, మగదాని కంటి మీద తెల్ల గీత అప్పుడప్పుడే వస్తోంది, ఇంకా పూర్తిగా రాలేదు.

సూదితోకలు నాలుగు చుట్లు తిరిగి అవతలి ఒడ్డున దిగాయి. అక్కడ బొమ్మలూ లేవు, నేనూ లేను, ఏమీ లేదు. అడగొద్దు.

టెక్సాస్ తిరుపతోడు
మేనత్తలు మేనత్తలే.

పాకాల జంక్షన్
అవ్వకి ఆర్డర్లు తీసుకోమని చెప్పన్నా. ఫొటోలు ఎక్కడ?

చెరువుకట్ట, తిరుపతి
రాత్రికి ఎక్కిస్తా. అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఏడున్నరకి జమ్ములోంచి ఆ ఊదారంగు నీటికోడి, ఎర్ర ముక్కు, బారెడు కాళ్లు, నడుచుకుంటూ వచ్చింది. బొమ్మలన్నీ ఒకసారి చూసింది. ప్లాస్టిక్‌వి వదిలేసి నేరుగా అవ్వ చేసిన బాతు దగ్గరికి పోయి, మెడ పట్టుకుని లాగింది. ముడి ఊడింది. మెడ ఆకులు నాలుగూ నోట కరుచుకుని జమ్ములోకి పోయింది, రెండు నిమిషాలకి మళ్లీ వచ్చి రొమ్ము మొదలెట్టింది. గరిటముక్కులు పక్కనే ఈదుతున్నాయి, తల తెగిన బాతుని చూసి ఒక్కటి కూడా బెదరలేదు.

కౌజుపిట్ట
అవ్వకి చెప్పావా?

చెరువుకట్ట, తిరుపతి
చెప్పా మామా. ఈసారి ముడి గట్టిగా వేస్తానంది.